చంద్రగిరి నవలలో మంత్రం, హత్య, ఇద్దరు మగవాళ్ల ప్రేమ: ఏది తీసేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీది చిత్తూరు. విజయనగర రాజుల చివరి రోజుల్లో, చంద్రగిరిలో జరిగే నవల ఒకటి మొదలుపెట్టారు. కోట కింద పేటలో ఒక వడ్డీ వ్యాపారి హత్య, దాన్ని తేల్చాల్సిన తలారి (ఊరి కావలివాడు), కాటుకలో జరిగింది చూపించే అంజనం వేసే సిద్ధుడు, తలారికీ ఒక కలంకారీ చిత్రకారుడికీ మధ్య ప్రేమ. ఎనిమిది అధ్యాయాలు ఫ్రెండ్స్‌కి చూపిస్తే "మూడు సినిమాలు ఒకే టికెట్ మీద చూసినట్టుంది, ఏదో ఒకటి తీసెయ్" అన్నారు. ఏది తీసేయాలని అడుగుతున్నారు. ఎక్కువమంది ప్రేమనే తీసేయమంటున్నారని కూడా రాశారు.

ఏదీ తీసేయకండి. మూడిటికీ ముడి వేయండి. మీరు పంపిన సారాంశంలో ఆ మూడూ ఒకే సత్రంలో దిగిన ముగ్గురు యాత్రికుల్లా ఉన్నాయి, ఎవరి వంట వాళ్లదే. హత్య జరిగిన రాత్రి ఎవరు ఎక్కడున్నారన్న ప్రశ్నకి జవాబు మీ ప్రేమకథలో ఉండాలి. ఆ జవాబుని బయటపెట్టగల శక్తి మీ మంత్రానికి ఉండాలి. అప్పుడు మీ తలారికి హంతకుడు దొరికినా భయమే, దొరక్కపోయినా భయమే. ఆ భయం మీద మూడు వందల పేజీలు నడపొచ్చు.

నేను తిరుపతిలో ఉంటాను. ఇరవై ఏళ్లుగా సీరియల్స్ రాస్తున్నా, వేరేవాళ్ల రాతప్రతులు దిద్దిపెడుతున్నా. ఇలాంటి కలగలుపు కథ రెండుసార్లు రాశాను. ఒకటి చెడింది, ఒకటి నిలబడింది. చెడినదాని గురించే ముందు చెబుతా. మీ సారాంశం చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

దాన్ని ఒక వారపత్రికకి పంపాను, పేరు అనవసరం. ఎడిటర్ గారు ఫోన్ చేసి చాలా మర్యాదగా, "కథ బాగుంది సార్. ఆ ఇద్దర్లో ఒకణ్ణి అమ్మాయిని చేసేయండి. కథేం మారదు కదా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ పెట్టేసి, ఆయన మాట తప్పని నిరూపిద్దామనే కసితో రాతప్రతి ముందేసుకుని కూర్చున్నా. పెన్సిల్‌తో ఒకడి పేరు కొట్టేసి ఆడపేరు రాసుకుంటూ నలభై పేజీలు పోయాను. ఎక్కడా అడ్డం తగల్లేదు. ఒక్క సీను విరగలేదు, ఒక్క ఆధారం చెడలేదు. ఆయన ఉద్దేశం నాకిప్పటికీ నచ్చదు. కానీ ఆయన పట్టుకున్న లోపం నిజమే. నా కథలో ఆ ఇద్దరు మగవాళ్లు కావడం వల్ల ఏ పనీ జరగట్లేదు. జెండా పట్టుకుని నిలబడ్డారంతే.

ఆ పెన్సిల్ పని మీరూ చేయండి. మీ చిత్రకారుణ్ణి అమ్మాయిని చేసి చూడండి. హత్య చిక్కు ఎక్కడో ఒకచోట తెగిపోవాలి. తెగలేదంటే మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. అయితే తీసేయడం దానికి మందు కాదు.

ఎలా తెగుతుందో ఒక ఉదాహరణ చెబుతా. ఇది మన భాషలోనే దొరికే సౌకర్యం. తెలుగులో "వస్తాడు", "వస్తుంది" అన్నప్పుడు మగో ఆడో తెలిసిపోతుంది. "వస్తాను", "వస్తావు" అంటే తెలియదు. "రెండో జాము దాటాక రేవు దగ్గర ఉంటాను, నువ్వు రాకపోతే తెల్లారేదాకా కూర్చుంటాను" అని ఒక ఉత్తరం దొరికిందనుకోండి. రాసిందెవరో, ఎవరికి రాశారో ఆ వాక్యం చెప్పదు. కానీ చదివిన ప్రతివాడూ చెప్పేస్తాడు: ఎవరో ఆడమనిషి రాసింది. కరణం ఆడమనిషి కోసం వెతుకుతాడు, పేటలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లని పిలిపించి నిలదీస్తాడు, పాఠకుడూ వాళ్లలో ఎవరా అని ఆలోచిస్తుంటాడు. తలారి ఒక్కడికే తెలుసు అది తనకి వచ్చిన ఉత్తరమని. అమాయకురాలి మీద నింద పడుతుంటే నోరు విప్పాలా వద్దా? చిత్రకారుణ్ణి అమ్మాయిని చేసిన మరుక్షణం ఈ చిక్కు మొత్తం కుప్పకూలుతుంది. ఆ ఎడిటర్ గారికి అప్పుడు నేనివ్వాల్సిన జవాబు ఇది. నాకు తట్టడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంకోటి, పిలుపులు. మన వైపు మగ స్నేహితులు ఒకరినొకరు "మామా", "బావా" అనుకోవడం మీకు నేను చెప్పక్కర్లేదు. చిత్తూరు బస్టాండులో పది నిమిషాలు నిలబడితే పది బావలు వినిపిస్తాయి. కానీ బావ అంటే వరసైనవాడు, పెళ్లికి కుదిరే చుట్టం. వేళాకోళంగా మొదలైన పిలుపు ఒకరోజు వేళాకోళం కాకుండా పోవడం చూపించడానికి తెలుగులో ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. మీ చిత్రకారుడు నలుగురిలో తలారిని "అయ్యా" అంటాడు. పేటలో కుర్రాళ్లు అందరూ అందరినీ బావా అంటారు, వాడొక్కడే తలారిని ఎప్పుడూ అనడు. విచారణలో దెబ్బ తగిలిన క్షణంలో నోరు జారి "బావా" అంటాడు. గుమ్మంలో నిలబడ్డ కరణం ముసలాయనకి అంతా అర్థమవుతుంది. పెద్ద రహస్యం బయటపడటానికి ముద్దు సీను అవసరం లేదు, రెండక్షరాలు చాలు.

అన్నట్టు మీ మూడో అధ్యాయంలో తలారి తనలో తాను "నేను స్వలింగ సంపర్కుణ్ణా?" అనుకుంటాడని రాశారు. అది కొట్టేయండి. అది ఈ కాలపు పత్రికల మాట, ఆసుపత్రి ఫారంలో మాటలా ఉంటుంది. అప్పటి మనిషి బుర్రలో అలాంటి గడి లేదు. చెలికాడు, సంగడీడు, నేస్తం, నెయ్యం లాంటి మాటలున్నాయి, వాటితో నడపండి. పుస్తకం అట్ట వెనక మాత్రం "గే ప్రేమకథ" అని ధైర్యంగా రాసుకోవచ్చు. అది పాఠకుడికి చెప్పే మాట, పాత్ర అనుకునే మాట కాదు.

ఇక ఆ ప్రేమ ఎందుకు దాచాలి? మీ సారాంశంలో "రాజు చట్టం ప్రకారం మరణశిక్ష" అని ఉంది. ఎక్కడ దొరికింది మీకిది? మనందరి తలల్లో ఉన్న నేరం అనే భావన 377వ సెక్షన్ నుంచి వచ్చింది. అది 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకి అది వర్తించదని చెప్పింది. 1590ల చంద్రగిరిలో ఆ సెక్షన్ ఎక్కడిది? మనుస్మృతి చూసినా, ద్విజుడు మగవాడితో కలిస్తే కట్టుబట్టలతో స్నానం చేయాలని ఉంది. పగటిపూట స్త్రీతో కలిసినా, ఎడ్లబండిలో కలిసినా అదే ప్రాయశ్చిత్తం. అలాగని అప్పుడంతా స్వర్గంలా ఉండేదని రాయకండి, అదీ అబద్ధమే. పెళ్లి, వంశం, కులం, పరువు అన్నీ మెడ మీదే ఉంటాయి. నేననేది ఏంటంటే, దాచడానికి ఆ కాలపు కారణం వెతకండి.

మీ దగ్గరే ఉంది ఆ కారణం. మీ హీరో తలారి. కావలి ఉద్యోగం అంటే ఊళ్లో దొంగతనం జరిగితే దొంగనైనా పట్టాలి, లేదా పోయిన సొత్తు తానైనా కట్టుకోవాలి. ఆ రాత్రి వ్యాపారి ఇంట్లో హత్యతో పాటు వరహాల మూట కూడా పోయిందనుకుందాం. తలారి కావలి తిరగాల్సిన జాములో రేవు దగ్గర ఉన్నాడు. నిజం చెబితే ముందు అడిగే ప్రశ్న "ఎవరితో ఉన్నావు" కాదు, "కావలి ఎందుకు వదిలావు". ఇల్లు, మాన్యం అమ్మినా తీరని అప్పు. అతని సిగ్గు, భయం ప్రేమ వల్ల కాదు, ఒక మనిషి చచ్చిపోతున్నప్పుడు తాను సంతోషంగా ఉన్నందుకు. ఈ ఒక్క మార్పుతో మీ తలారి పోస్టరు మీద బొమ్మ కాకుండా మనిషి అవుతాడు.

మంత్రం సంగతి. హత్య కథలో మంత్రం పెట్టడం పాలకుండలో నిమ్మకాయ పిండటం లాంటిది. సిద్ధుడికి అన్నీ తెలిసిపోతే మొదటి అధ్యాయంలోనే "వాడే చంపాడు" అనేస్తాడు. తెలిసీ చెప్పకపోతే పాఠకుడు పుస్తకం విసిరేస్తాడు. అందుకే హద్దు కావాలి. ఆ హద్దు కూడా కథ మధ్యలో మీకు అవసరమైనప్పుడు పుట్టకూడదు, ముందే చెప్పి ఉంచాలి. మనకిది కొత్త కాదు. ప్రవరుడికి సిద్ధుడు పాదలేపనం ఇచ్చాడు, హిమాలయాలకి ఎగిరి వెళ్లాడు. మంచు తగిలి పసరు కరిగిపోయింది, తిరిగి రాలేకపోయాడు. పెద్దన కావ్యమంతా ఆ కరిగిపోవడం మీదే నిలబడింది. ఎగరగలగడం కథ కాలేదు చూడండి, తిరిగి రాలేకపోవడం కథ అయింది.

మీరు అంజనం ఎంచుకోవడం నాకు చాలా నచ్చింది. నా చిన్నప్పుడు మా వీధిలో నగ పోయినా, ఆవు తప్పిపోయినా అంజనం వేయించేవాళ్లు. తమలపాకు మీద కాటుక పూసి, పిల్లవాణ్ణి దీపం ముందు కూర్చోబెట్టి ఏం కనబడుతోందని అడగడం. మా పక్కింటి పిల్లవాడు ఒకసారి "ఎవురో మొగోడు, మొకం కనపళ్ళేదు సామీ, ఈపు మాత్రం కనపడతాంది" అన్నాడు. ఆ వీపు ఎవరిదో అని వీధి వీధంతా నెలరోజులు మగవాళ్ల వీపులు చూసింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది.

నిలబడిన నా రెండో నవలలో (అందులోనూ హీరో తలారే) ఒక నియమం పెట్టుకున్నా: కాటుక ఏ దీపం మసితో పట్టారో, ఆ దీపం వెలుగులో జరిగింది మాత్రమే అంజనంలో కనిపిస్తుంది. అంటే హత్య చూడాలంటే హత్య జరిగిన గదిలో వెలిగిన దీపం కావాలి. హంతకుడు దాన్ని పట్టుకుపోయాడు, అక్కడ ప్రమిద ముద్ర మాత్రమే మిగిలింది. దీపం కోసం వెతకడమే విచారణ. సగం కథయ్యాక తెలుస్తుంది, ఆ దీపం ఆ సాయంత్రమే ప్రేమికుల గదిలోంచి అరువు వెళ్లిందని. దాని మసిలో హత్యా ఉంది, వాళ్లిద్దరూ ఉన్నారు. ఒకటి చూపించి రెండోది దాచడం కుదరదు, పైగా చూసేది ఏడేళ్ల పిల్లవాడు. దీపం దొరికిన రాత్రి తలారి దాన్ని నదిలో పారేస్తాడా, సిద్ధుడి చేతికిస్తాడా? పైన ముడి అన్నానే, అది ఇదే. ఇది నా కథలోది, మీది మీకు వేరే దొరుకుతుంది. కానీ మంత్రం ఏం చూపగలదో, ఎవరి బతుకు బయటపెట్టగలదో రెండూ ఒకే నియమంలోంచి రావాలి.

పరకాయ ప్రవేశం మాత్రం వద్దు. ఏడో అధ్యాయంలో పెట్టారు. ఒకడి ఒంట్లో ఇంకొకడు దూరగలిగితే సాక్ష్యం, ముఖం, గొంతు దేనికీ విలువ ఉండదు. అది అద్భుత కథకి బాగుంటుంది, హత్య కథని మింగేస్తుంది.

మంత్రంలా కనిపించే మామూలు విషయాల్ని కూడా వాడుకోండి. మీ హీరోల్లో ఒకడు కలంకారీ పనివాడు, మీ చేతిలో గని ఉంది. కాళహస్తి వైపు నలుపు ఎలా వేస్తారు? బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో నానబెట్టి పులియబెడతారు, దాన్ని కసిం అంటారు. గుడ్డని ముందే కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. కలం ముంచి గీసినప్పుడు వెలిసిన గోధుమ రంగులో ఉన్న ఆ నీళ్లు కరక్కాయ తగిలిన చోట కళ్లముందే నల్లబడతాయి. మామూలు గుడ్డ మీద ఆ నలుపు రాదు. ఇప్పుడు హత్య జరిగిన ఇంట్లో ఒక పంచె మీద కసిం చింది అంతా లేత మరకే ఉండి, ఒక్క అంచు మాత్రం నల్లగా మారిందంటే? ఆ అంచు ఎప్పుడో కరక్కాయ తడి గుడ్డకి ఆనుకుంది. ఊరు ఊరంతా చేతబడి అంటుంది. చిత్రకారుడికి ఒక్కడికే తెలుసు అదేంటో, చెబితే అనుమానం తన మీదకే వస్తుంది.

ఉత్తరం గురించి పైన చెప్పానుగా, అది తాటాకు మీద రాయించండి. నేను స్వయంగా చేసి చూశాను. ఎండిన తాటాకు మీద మొన ఉన్న ఇనుప పుల్లతో నా పేరు గీశా. దగ్గరగా పెట్టి చూస్తే గీతలు తెలుస్తున్నాయి కానీ మామూలుగా చూస్తే ఖాళీ ఆకే. ఆకు రంగులోనే అక్షరం ఉంటుంది. తర్వాత దీపపు మసిలో రెండు చుక్కల నూనె కలిపి వేలితో రుద్ది, గుడ్డతో తుడిచా. గీతల్లో మసి నిలిచి పేరు పైకి తేలింది. వేలికంటిన నలుపు రెండు రోజులు పోలేదు. మసి రుద్దని ఆకు ఖాళీ ఆకులా చూరులో దోపి ఉంటుంది, అందరి కళ్ల ముందే. రుద్దినవాడి వేలు నల్లగా ఉంటుంది. అంజనం పట్టినవాడి వేలూ నల్లగానే ఉంటుంది. ఎవరి వేలు ఎందుకు నల్లబడిందో అన్న ఒక్క అనుమానంతో రెండు అధ్యాయాలు లాగొచ్చు.

కాలం, చోటు. మీరు "పదహారో శతాబ్దం" అని వదిలేశారు. అలా వద్దు. నా సలహా 1592 తర్వాత. తళ్లికోట యుద్ధం 1565లో అయిపోయింది, హంపీ పోయింది, పెనుకొండ నుంచి వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. తర్వాత అది వేలూరుకి పోయింది. అంటే చంద్రగిరి వైభవం కొద్ది కాలమే. కొత్తగా వచ్చిన దండనాయకులు, అప్పులిచ్చే సెట్లు, పాత ఊరివాళ్లు అందరూ ఒకే పేటలో ఇరుక్కున్న సమయం. 1598 ప్రాంతంలో జెస్యూట్‌లనే క్రైస్తవ ఫాదరీలు కూడా వచ్చారు, రాయలకి చిత్రాలంటే ఇష్టమని వాళ్ల ఉత్తరాల్లో కనిపిస్తుంది. మీ చిత్రకారుడికి ఇంతకన్నా మంచి రోజులుండవు. నిజంగా జరిగిన హత్యల జోలికి మాత్రం పోకండి. 1614లో వెంకటపతిరాయలు పోయాక వారసుడు శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా జగ్గరాయుడు చంపించాడు. రామదేవుడనే ఒక్క కొడుకు మాత్రం బట్టలుతికే మనిషి మూటలో దాక్కుని యాచమనాయకుడి దగ్గరికి చేరాడని చెబుతారు. ఆ కథకి మంత్రం కలిపితే చిన్నదైపోతుంది. దాని నీడలో మీ చిన్న హత్య పెట్టుకోండి. రాజు ఎవరైనా కావొచ్చు, తలారికి తన పేటే లోకం.

పొరపాట్లు కొన్ని చెబుతా, దిద్దేటప్పుడు నాకు తరచు ఎదురయ్యేవే. ఒక కుర్రాడు పంపిన నవలలో విలన్ రాజమహల్ దూలాలకి నిప్పు పెడతాడు. చంద్రగిరి రాజమహల్‌లో కలప వాడలేదు, రాయి, ఇటుక, సున్నం, అంతే. దూలమే లేదు, దేనికి నిప్పు పెడతాడు? ఇంకొకరి హీరో కోట బురుజు మీద వేరుశనగ చట్నీతో సంగటి తింటాడు. సంగటి సరే, రాగులు ఉన్నాయి. వేరుశనగ, మిరప, టమాటా అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడెక్కి వచ్చినవి. ఇప్పుడు మన వైపు చేలన్నీ వేరుశనగే కదా అని పాత కాలంలోకి కూడా విత్తేస్తాం. కారం కావాలంటే మిరియాలు వేయండి. కొండ మీద నుంచి ప్రసాదం వస్తే లడ్డూ తెప్పించకండి, లడ్డూ 1715లో మొదలైందని చెబుతారు. అప్పటి శాసనాల్లో అప్పం, వడ, అతిరసం, మనోహరం కనిపిస్తాయి. మీ దాంట్లోనే నాలుగుసార్లు "రెండు నిమిషాలు ఆగు" ఉంది. అప్పటి లెక్క గడియలు, జాములు. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, జాము మూడు గంటలు. హత్య వేళకి ఎవరెక్కడున్నారో తేల్చే అలిబీ కథకి ఇది వరం. "రెండో జాము గంట కొట్టాక చూశా" అన్న సాక్షి మాటలో ఎంత సందు ఉందో లెక్కేసుకోండి.

మీరు గంగ జాతర పెట్టాలనుకుంటున్నట్టు రాశారు. పెట్టండి, తప్పకుండా. ఆ కథే ఒక వేట కథ. ఆడవాళ్లని చెరిచే పాలెగాడు దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషంలో వాడి కోసం తిరుగుతుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర వేషంలో వస్తే, దొర వచ్చాడనుకుని బయటికొచ్చి తల పోగొట్టుకుంటాడు. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. హంతకుణ్ణి పట్టడానికి వేషం మార్చడం, పట్టాక ఆ ఇంటి ఏడుపు దగ్గరికి వెళ్లడం. ఆ రెండో భాగం డిటెక్టివ్ కథలు రాసేవాళ్లం సాధారణంగా మర్చిపోతాం.

ఒక జాగ్రత్త. జాతరలో చీర కట్టుకున్న ప్రతి మగవాణ్ణీ మీ హీరోల జాబితాలో కలిపేయకండి. అది మొక్కు. మా ఇంటి దగ్గర బైక్ మెకానిక్ ఒకాయన ఏటా చీర కడతాడు. గుబురు మీసం, ముక్కుపుడక, మోచేతుల దాకా గాజులు. టీ కొట్టు దగ్గర ఆయన గ్లాసు పట్టుకుని నిలబడితే, వాళ్లావిడ నోట్లో పిన్నీసు పెట్టుకుని వంగి కుచ్చిళ్లు సర్దుతుంటుంది. "కదలద్దండీ, ఊడిపోతాంది" అంటూ. అందులో రహస్యం ఏమీ లేదు, ఊరంతటికీ తెలిసిన భక్తి. కానీ ఆ వారం రోజులు మీ చిత్రకారుడు వేషంలో తలారి పక్కన నడవొచ్చు, ఎవరూ తలతిప్పి చూడరు. మిగతా ఏడాదంతా కుదరనిది అప్పుడు కుదురుతుంది. వేషం తీసేసే రోజు అతనికి ఎలా ఉంటుందో రాయండి. అయితే తిరుపతి జాతర అని పేరు పెట్టకుండా మీ ఊహా పేటకి ఒక గంగమ్మని పెట్టుకోండి, స్వేచ్ఛ ఉంటుంది. కొండ మీద గుడిలో హత్య మాత్రం వద్దు. చదివేవాళ్లు కథ వదిలేసి మీతో గొడవకి దిగుతారు, ఆ టెన్షన్ మీకెందుకు?

ఇప్పుడు అసలు విషయం. మీ చివరి అధ్యాయంలో చిత్రకారుడు చనిపోతాడని రాసుకున్నారు. నా మొదటి నవలలో నేనూ చంపాను. నదిలో, వర్షంలో, బాగా ఏడిపించేలా. నాకు చాలా గొప్పగా అనిపించింది. అది పత్రికలో రాలేదు, తర్వాత నేనే ఆన్‌లైన్‌లో పెట్టుకున్నా. ఒక పాఠకుడు మెసేజ్ పెట్టాడు. మదనపల్లె వైపు కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు. "సార్, చాలా బాగుంది. మావాళ్లు ఎప్పుడూ చివరి పేజీలోనే చచ్చిపోవాలా సార్?" అని. అంతే రాశాడు. ఏం జవాబివ్వాలో తెలియక మూడు రోజులు ఫోన్ పక్కన పెట్టా. చివరికి "తప్పయింది" అని మాత్రం రాశాను.

హత్య కథలో ఎవరో ఒకరు చావాలి, నిజమే. కానీ చచ్చినవాడో, చంపినవాడో, త్యాగం చేసినవాడో తప్ప ఆ ఇద్దరికి వేరే వేషం దొరకకపోతే అది రాసేవాడి బద్ధకం. నా రెండో దాంట్లో ఇద్దరూ బతుకుతారు. సుఖంగా అని కాదు. తలారి మాన్యం పోతుంది, ఇద్దరూ కాళహస్తి వైపు పోయి స్వర్ణముఖి ఒడ్డున గుడ్డలు ఉతికి ఆరేసే పనిలో చేరతారు. చివరి పేజీలో పెద్ద మాటలేవీ లేవు. ఒకడు గుడ్డ పిండుతుంటే ఇంకొకడు రెండో కొస పట్టుకుంటాడు. ఇద్దరు కలిస్తే తప్ప తడి గుడ్డ పిండలేరు కదా.

ప్రచురణ గురించి కూడా అడిగారు. అచ్చు పత్రికలు ఇంకా తటపటాయిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో, చిన్న ప్రచురణకర్తల దగ్గర దారులున్నాయి. కథాంశం ఏంటో మొదట్లోనే స్పష్టంగా చెప్పండి, దాచిపెట్టి ఐదో భాగంలో బయటపెడితే మోసపోయామని తిడతారు. ఎవరైనా ఎడిటర్ ఫోన్ చేసి అమ్మాయిని చేయమంటే, ఆ ఉత్తరం ఉన్న అధ్యాయం పంపి "ఇప్పుడు చేసి చూపించండి" అనండి.

ఎనిమిది అధ్యాయాలూ పారేయకండి. రెండు, నాలుగు, ఐదు బాగున్నాయి. మొదటిది మళ్లీ రాయండి. యుద్ధం వర్ణనతో కాదు, తలారి కావలి కర్ర గోడకి ఆనించి రేవు వైపు నడవడంతో మొదలుపెట్టండి. రాసేముందు ఒకసారి చంద్రగిరి వెళ్లి, సాయంత్రం కోట గోడ పక్కన చీకటి ఎటు వైపు నుంచి ముందు పడుతుందో చూసుకోండి. చిత్తూరు నుంచి వస్తే తిరుపతి దాకా రానక్కర్లేదు, దారిలోనే దిగిపోవచ్చు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, రాజమహల్ మ్యూజియంకి సెలవు.